సంతకాలకు కాదు, సలహాకు పిలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన్యం కొండ ఊళ్ళలో ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా తిరిగి రిటైరైనదాన్ని. ఆ ఉద్యోగంలో నేను చేసిన పని ఒకటి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఊరి ఆరోగ్య కమిటీ మినిట్స్ బుక్ సంచిలో పెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి సంతకాలు తెచ్చేదాన్ని. ‘సమావేశమై, చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ముందే రాసి ఉండేది. ఒకసారి ఒకావిడ పసుపు కొమ్ములు ఉడకబెడుతోంది. పుల్లలు పొయ్యిలోకి ఎగదోసి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. నెలాఖరుకి రిపోర్టు పంపాలన్న టెన్షనే నాది.

ఏర్పాటు చూస్తే మంచిదే. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర మిషన్, జిల్లాకో హెల్త్ సొసైటీ, ఆస్పత్రికో అభివృద్ధి కమిటీ, ఊరికో ఆరోగ్య, పారిశుధ్య కమిటీ వచ్చాయి. ఊరి అవసరం మండలానికి, అక్కణ్ణించి జిల్లాకు, రాష్ట్రానికి చేరి ఒక ప్లాన్‌గా ఢిల్లీ వెళ్ళాలి. మంజూరైన ఖర్చులో నూటికి 60 కేంద్రం, 40 రాష్ట్రం భరిస్తాయి. నేను చూసినంతలో మాత్రం పైనుంచి ఫార్మాట్ దిగేది, మేం అంకెలు నింపి తిరిగి పంపేవాళ్ళం.

ఊరి కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయలు, ఊరికి ఏది కావాలో చూసుకుని ఖర్చు పెట్టమని ఇచ్చేవారు. మేం ఏటా బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్ కొన్నట్టు రాసేవాళ్ళం. ఆడిట్‌లో ఎవరూ ప్రశ్నించరని. ఒక ఊళ్ళో బాలింత ఒకమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది, బ్లీచింగ్ చల్లడానికి మా ఊళ్ళో బావి ఎక్కడుందమ్మా అని. నిజమే. వాళ్ళు తాగేది కొండ ఊట నీళ్ళు. ఊట దగ్గరికి పోయి చూస్తే పైపు జాయింటు ఊడి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంది. పశువులు తొక్కి, నీళ్ళలో పేడ కలుస్తోంది. ఆ ఏడు పుస్తకం ముందు రాయలేదు. రచ్చ దగ్గర ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పిందే రాశాను. పైపు, నాలుగు జాయింట్లు, రెండు బస్తాల సిమెంటు కొన్నాం. ఊట చుట్టూ గట్టు మగవాళ్ళే కట్టుకున్నారు. ఆ వానాకాలం ఆ ఊరి నుంచి ఒక్క విరేచనాల కేసూ నా రిజిస్టర్‌కి ఎక్కలేదు.

ఆస్పత్రి అభివృద్ధి కమిటీల సంగతీ చెప్పాలి. ప్రజాప్రతినిధులు, అధికారులు, ఊళ్ళో పెద్దమనుషులు ఉంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చే మనిషి, డోలీలో వచ్చి కాన్పయిన తల్లి మాత్రం నాకెప్పుడూ ఆ కుర్చీల్లో కనబడలేదు. ఆస్పత్రిలో ఏం లోటుందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

2007లో ప్రజల చేతే ఆరోగ్య సేవలను పరిశీలింపజేసి, ప్రణాళికలో వాళ్ళ మాట చేర్చే ప్రయత్నం తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. కొండ అవతలి ఒడిశా ఉంది, కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. మహారాష్ట్రలో జనం ముందే అధికారులు జవాబు చెప్పే జన సున్వాయ్ సభలు కూడా నడిచాయి. మనకెందుకు కుదరదు? 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయనగరం పోవాల్సిన మాకు పార్వతీపురమే జిల్లా కేంద్రమైంది. ఆఫీసు దగ్గరైంది కాబట్టి మాట కూడా దగ్గరవ్వాలి. పైగా 2022-24 నుంచి రెండేళ్ళకు కలిపి ఒకేసారి ప్రణాళిక వేస్తున్నారు. ఒకసారి ఊరి మాట అందులో పడకపోతే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

ప్రభుత్వానికి నా మనవి. జిల్లా ప్లాన్ ఖరారయ్యే ముందు ప్రతి ఊరి కమిటీనీ నిజంగా కూర్చోబెట్టండి. సంత రోజున పెడితే కొండ మీదివాళ్ళు ఎటూ దిగుతారు, కూలి పోదు. తీర్మానం, ఖర్చు లెక్క గ్రామ సచివాలయం గోడకి అంటించండి. ఆస్పత్రి కమిటీలో రోగులకు, బాలింతలకు రెండు సీట్లు రాసిపెట్టండి. సవర, కువి మాట్లాడే ఆడవాళ్ళు అధికారులు కుర్చీల్లో కూర్చుని తెలుగులో అడిగితే నోరు విప్పరు. వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళ భాషలో ఆశా కార్యకర్త చేత అడిగించండి. ఏం చెబితే అది వాళ్ళ ఎదుటే రాసి, చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోండి.

— ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
పార్వతీపురం మన్యం జిల్లా