చెట్టుబల్లికి కావలసింది ఎత్తు, చల్లదనం

సంపాదకులకు నమస్కారం.

బల్లులను పెంచుకోవడంపై మీ పత్రిక ప్రచురించిన వ్యాసం చదివాను. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవులకు చెందిన లీచియానస్ గెకో అనే చెట్టుబల్లిని ఎనిమిదేళ్లుగా పెంచుతున్నాను కనుక, అందులో ప్రస్తావనకు రాని కొన్ని విషయాలను పాఠకుల ముందుంచడం అవసరమని భావిస్తున్నాను.

నేడు జీవించి ఉన్న గెకోలన్నిటిలోకీ పెద్దదైన ఈ బల్లి తోకతో కలిపి సుమారు 35 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పగలంతా చెట్టుతొర్రలో దాగి, చీకటి పడ్డాక పండ్ల కోసం, పూల మకరందం కోసం, పురుగుల కోసం కొమ్మల మీదికి వస్తుంది. అందువల్ల దాని గూడు వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉండి, అందులో లావుపాటి కొమ్మలు, దూరి పడుకోవడానికి బోలుదుంగ తప్పక ఉండాలి. ఎడారి బల్లులకు పెట్టినట్టు దీనికి వేడిదీపం పెట్టడం ప్రమాదకరమైన పొరపాటు. 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉండే ఈ జీవికి 30 డిగ్రీలు దాటిన వేడి ఎక్కువసేపు తగిలితే ప్రాణానికే ముప్పు. సాయంత్రం గూట్లో నీళ్లు చిలకరిస్తే ఆకుల మీది బొట్లను నాకి దాహం తీర్చుకుంటుంది. ఆహారంలో కాల్షియం, డి3 విటమిన్ కొరవడితే ఎముకలు మెత్తబడి వంకరపోతాయి.

చెయ్యి పెట్టగానే గుర్రుమనడం దాని సహజ స్వభావం. నా బల్లి మొదటి ఏడాదంతా అలాగే చేసింది. బలవంతంగా పట్టుకోకుండా ఓపిక పట్టాక, తనంతట తానే చేతి మీదికి రావడం మొదలుపెట్టింది.

ఇది 20 ఏళ్లకు పైగా బతకగలదు. కొనదలచినవారు తమ ప్రాంతపు చట్టం అనుమతిస్తుందో లేదో ముందు తెలుసుకుని, అడవిలో పట్టినదాన్ని కాక పెంపకందారుల వద్ద పుట్టిన పిల్లనే తీసుకోవాలని మనసారా కోరుతున్నాను. మితిమీరిన వేట కారణంగానే ఆసియాకు చెందిన మరో బల్లి టోకే గెకో వ్యాపారాన్ని 2019లో సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధం కిందికి, అంటే అనుమతి పత్రాలతోనే వ్యాపారం సాగాల్సిన జీవుల జాబితాలోకి, తీసుకురావలసి వచ్చింది.

ఇట్లు,
ఒక పాఠకుడు