ఈ క్రిస్మస్‌కు పిల్లల చేత్తోనే ఇప్పిద్దాం

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. బ్రాడీపేట లైన్లలో డాబాల మీద నక్షత్రాలు వెలిగాయి. మన బడి వరండాలో యేసు పుట్టిన పశువుల పాక నమూనా సగం లేచింది. గడ్డి చాలలేదని ఏడో తరగతి పిల్లలు రోజూ నా గది ముందు నిలబడుతున్నారు. ఏటా లాగే, పండుగకు ముందే బడిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజున, లేని పిల్లల కోసం కానుకలు సేకరిస్తాం. ఈసారి మీకొక విన్నపం: పిల్లల తరఫున మీరు కానుక కొని పంపకండి.

బడికొచ్చే దారిలో కొట్టు దగ్గర బండి ఆపి, ఏదో ప్యాకెట్ కొని సంచిలో పెట్టేస్తే, ఇచ్చింది మీరు, మోసింది బిడ్డ. తన వస్తువుల్లోంచో, తన కిడ్డీ బ్యాంకులోంచో, ఏం ఇవ్వాలో వాళ్ళే ఎంచుకోవాలి. ఎంత చిన్నదైనా పర్వాలేదు.

నిరుడు ఐదో తరగతి అమ్మాయి ఒకతె తన స్కెచ్ పెన్నుల డబ్బా తెచ్చింది. ఇచ్చేముందు బెంచీ మీద కూర్చుని, నోటుబుక్కు చివరి పేజీలో ఒక్కో రంగుతో ఒక్కో గీత గీసి చూసుకుంది. ఆకుపచ్చది ఎండిపోయింది. డబ్బా వెనక్కి తీసుకెళ్ళి, మర్నాడు తన కొత్త సెట్టులోని ఆకుపచ్చ పెన్ను అందులో పెట్టి తెచ్చి అప్పుడిచ్చింది. కొన్నాళ్ళకు నన్ను మెట్ల దగ్గర ఆపి, "మేడమ్, ఆ పాప ఏం బొమ్మ వేసింది?" అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న సంబరం మన వార్షికోత్సవ బహుమతుల రోజున కూడా నేను చూడలేదు.

మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు దేవాలయంలో కానుకపెట్టెకు ఎదురుగా కూర్చుని, జనం వేస్తున్న డబ్బులు చూస్తుంటాడు. ధనవంతులు చాలా వేస్తారు. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేస్తుంది. అందరికంటే ఎక్కువ వేసింది ఆమేనని ఆయన శిష్యులను పిలిచి మరీ చెబుతాడు. ఈ కథ ప్రార్థన సమయంలో చెబితే చిన్న తరగతుల పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. వాళ్ళ దగ్గర ఉండేవీ రెండు కాసులే కదా.

మన గుంటూరుకు ఈ సంగతి బాగా తెలుసు. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ ఇక్కడికి వచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఆడవాళ్ళు జంకే రోజులవి. 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు, 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రి కోసం అమెరికాలోని లూథరన్ క్రైస్తవ సంఘాల ఆడవాళ్ళు డబ్బు కూడబెట్టి పంపారు. వాళ్ళలో చాలామంది గుంటూరు ఎలా ఉంటుందో చూడనైనా లేదు. మీ ఇళ్ళలో కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టిన పెద్దవాళ్ళుంటే, పిల్లలకు ఆ మాట చెప్పండి.

ఈసారి కానుకలు పత్తి తీతలకు, మిరప కోతలకు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి మన పల్లెలకు వచ్చే కుటుంబాల పిల్లలకు చేరతాయి. చేల గట్ల మీద పరదాల గుడిసెల్లో, ఈ చలిలో, బడి వదిలేసి ఉంటారు వాళ్ళు. మన టీచర్లు ముందుగా వెళ్ళి ఏం కావాలో అడిగి వచ్చారు. మొదట చెప్పులన్నారు, తర్వాత దుప్పట్లు, పలకలు. ఒక తల్లి దువ్వెన అడిగింది. అడక్కుండా మనమే తెలిసినట్టు ఇవ్వడం నాకు నచ్చదు.

పాత బట్టలు పంపేవాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి పంపండి. మీ బిడ్డకు వేయలేని చొక్కా ఇంకొకరి బిడ్డకు వద్దు.

ఫొటోలు మాత్రం తీయం. పిల్లలు క్రిస్మస్ తాత అని పిలిచే ఆ పెద్దమనిషి కథకు మూలం నాలుగో శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్ నికొలస్. కూతుళ్ళకు కట్నం ఇవ్వలేని ఒక తండ్రి ఇంట్లోకి రాత్రిపూట, ఎవరికీ తెలియకుండా బంగారం మూటలు వేసి వెళ్ళాడని చెబుతారు. మనకూ అదే పద్ధతి బాగుంటుంది.

ధనుర్మాసంలో హరిదాసు వస్తే చంటిబిడ్డ దోసిట్లో బియ్యం పోసి, ఎత్తుకుని మరీ ఆయన పాత్రలో వేయిస్తాం కదా, అలాగే ఇదీ పిల్లల చేత్తోనే జరగనివ్వండి. ఇవ్వనని మొండికేసే బిడ్డను బలవంతం చేయొద్దు, తిట్టొద్దు. కానుకలు ఇవ్వడానికి వెళ్ళే రోజు గుడిసెల దగ్గరికి అందరితో పాటు ఉత్త చేతులతోనే రానివ్వండి.

గులాబీ పువ్వులు వండుకునే ఇళ్ళవాళ్ళు వీలైతే ఒక డబ్బా ఎక్కువ చేయండి. చెప్పుల సైజుల పట్టిక క్లాసు టీచర్ల దగ్గర ఉంది, చూసి పంపండి.

క్రిస్మస్ శుభాకాంక్షలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు