ఆరోగ్యంతోపాటు నిర్వహణా చదవాలి

సంపాదకులకు,

ఆస్ట్రేలియా చదువుల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు కంప్యూటర్ కోర్సులు, వీసా నిబంధనల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ దేశపు ఆదివాసుల కోసం అక్కడి విశ్వవిద్యాలయాలు రూపొందించిన ఒక చదువు గురించి కూడా మన పాఠకులకు తెలియాలి. పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ అధ్యయన కేంద్రం నడిపిన సముదాయ ఆరోగ్యం, నిర్వహణ, అభివృద్ధి కోర్సులు ఇందుకు మంచి ఉదాహరణ.

ఆరోగ్యం చదివేవారికి నిర్వహణతో పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. దీనికి జవాబు చరిత్రలో ఉంది. సాధారణ ఆసుపత్రుల్లో వివక్షను ఎదుర్కొన్న ఆదివాసులు 1971లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో సొంత వైద్య కేంద్రాన్ని ప్రారంభించారు. కంటి వైద్యుడు ఫ్రెడ్ హాలోస్ వంటివారు తోడ్పడినా, పెత్తనం మాత్రం ఆదివాసుల చేతిలోనే ఉంది. ఆ నమూనాలో దేశమంతటా వెలసిన కేంద్రాలను సముదాయం ఎన్నుకున్న పాలకమండళ్లే నడుపుతాయి. అలాంటి సంస్థకు వైద్యులూ నర్సులూ ఉంటే చాలదు. బడ్జెట్ తయారు చేయగలవారు, పలు ప్రభుత్వ నిధులకు విడివిడిగా లెక్కలు చెప్పగలవారు, పాలకమండలి సభ్యులకూ సిబ్బందికీ మధ్య పొరపొచ్చాలు వస్తే సర్దగలవారు కావాలి.

ఆరోగ్యానికీ అభివృద్ధికీ ఉన్న సంబంధం ఇంకా ఆసక్తికరం. గొంతులోనో చర్మం మీదో మొదలైన స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ గుండె జబ్బు ఆదివాసీ పిల్లల్లో నేటికీ కనిపిస్తోంది. జబ్బు తిరగబెట్టకుండా కొన్ని వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇవ్వాలి. కానీ కిక్కిరిసిన ఇంట్లో స్నానానికి నీళ్లు రాకపోతే, మురుగు బయటికి పోకపోతే, ఆ ఇన్‌ఫెక్షన్ ఇంటిల్లిపాదికీ సోకుతూనే ఉంటుంది. అందుకే 1980లలో మధ్య ఆస్ట్రేలియాలో మొదలైన ఒక కార్యక్రమం మందులకంటే ముందు కుళాయిలు, విద్యుత్తు తీగలు, మరుగుదొడ్లు పరీక్షించి బాగు చేయించింది. ఇళ్లలోని లోపాల్లో నివాసుల నిర్లక్ష్యం వల్ల వచ్చినవి పదో వంతుకన్నా తక్కువేనని, మిగిలినవి నాసిరకం నిర్మాణం, మరమ్మతులు లేకపోవడం వల్ల వచ్చినవేనని ఆ పరిశీలనల్లో తేలింది. ఆదివాసులకు ఇళ్లు చూసుకోవడం రాదనే నిందకు ఇంతకంటే గట్టి సమాధానం ఏముంటుంది?

కర్టిన్‌లో విద్యార్థులు కొద్ది వారాలు మాత్రమే క్యాంపస్‌కు వచ్చి, తక్కిన కాలమంతా తమ ఊళ్లలో పనిచేస్తూ చదివే పద్ధతి ఉండేది. కుటుంబ బాధ్యతలున్న, వయసు మీరిన విద్యార్థులకు ఇది వీలుగా ఉంటుంది. దీనిని తక్కువ స్థాయి చదువుగా చూసేవారితో నేను ఏకీభవించను. తన బంధువులే ఓటర్లుగా, రోగులుగా, ఉద్యోగులుగా ఉన్న సంస్థను న్యాయంగా నడపడం పట్నపు కంపెనీ నిర్వహణకంటే ఏమాత్రం తేలిక కాదు.

2020–22 లెక్కల ప్రకారం ఆదివాసీ పురుషుల సగటు ఆయుర్దాయం ఇతర ఆస్ట్రేలియన్లకంటే 8.8 ఏళ్లు, స్త్రీలది 8.1 ఏళ్లు తక్కువ. ఈ అంతరాన్ని తగ్గించేందుకు 2020లో కుదిరిన జాతీయ ఒప్పందం, సముదాయాల ఆధీనంలోని సంస్థలను బలపరచడాన్ని ప్రధాన సంస్కరణల్లో ఒకటిగా గుర్తించింది. శిక్షణ పొందిన ఆదివాసీ నిర్వాహకులు తగినంతమంది లేకుండా ఆ మాట నెరవేరదు.

మీ విద్యా పేజీలో ఈ చదువుపై ఒక సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ కోర్సులు చదివి ఇప్పుడు సంస్థలు నడుపుతున్న ఆదివాసుల మాటల్లోనే చెప్పిస్తే మరీ మంచిది.

భవదీయుడు,
ఒక పాఠకుడు