గట్టిమేళం దగ్గర సౌండ్ పగులుతున్న పెళ్లి వీడియోల గురించి మా కస్టమర్లకు

మేం ఇచ్చిన పెళ్లి వీడియోల్లో కొన్నింట్లో జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ దగ్గర గట్టిమేళం అందుకోగానే సౌండ్ గరగరమంటూ పగులుతోంది. ఫోన్ చేసినవాళ్లకు మొదట్లో టీవీ స్పీకర్ చూసుకోమని చెప్పాం. అలా చెప్పి ఉండకూడదు. లోపం ఫైల్‌లోనే ఉంది, అది మా చేతుల్లోనే జరిగింది. క్షమించండి.

మీ కాపీ సంగతి తేల్చుకోవడానికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఘట్టాన్ని బాగా తక్కువ వాల్యూమ్‌లో వినండి. అప్పుడూ గరగర వినిపిస్తే ఫైల్ పాడైనట్టే. వాల్యూమ్ తగ్గించగానే పోతే అది స్పీకర్ తట్టుకోలేక చేస్తున్న చప్పుడు. పెన్‌డ్రైవ్‌లో మేమిచ్చిన ఫైల్‌నే వినండి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన కాపీ మళ్లీ కుదించబడి ఉంటుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

ఎందుకిలా జరిగిందంటే, ఆ ఘట్టంలో మూడు సౌండ్లు కలుస్తాయి: కెమెరా మైకు పట్టిన మేళం, మండపం మిక్సర్ నుంచి తీసుకున్న మంత్రాలు, మేం వేసే పాట. డిజిటల్ సౌండ్‌కి 0 డెసిబెల్స్ పైకప్పు. సౌండ్ ఆ గీత దాటకుండా ఆపే లిమిటర్‌ని మేళం ట్రాక్ మీద మాత్రమే, -0.1 దగ్గర పెట్టాం. తర్వాత దానికి పాట కలిపాం. మొత్తం మిక్స్ మీద లిమిటర్ లేదు. పైకప్పుకి ఆనుకుని ఉన్న రెండు సౌండ్లు కలిస్తే 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపల లెక్క 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే పైకప్పు దాటిన విలువల్ని కూడా దాచుకోగల పద్ధతిలో, నడుస్తుంది కాబట్టి గీత దాటినా అక్కడ ఏమీ పోదు. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడే, అంటే మీకిచ్చే ఫైల్‌గా తీసినప్పుడే, దాటిన అలల తలలు తెగి చదునవుతాయి. మీకు వినిపిస్తున్న గరగర అదే. సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ స్థాయి చూపే మీటర్‌లో ఎర్ర గుర్తు వెలిగే ఉంటుంది. పాట కలిపాక మొదటి ఐదు నిమిషాలే విని పంపేయడంతో మా కంట పడలేదు.

దీనికి తోడు ఆడియోని ఏఏసీ అనే కుదింపు పద్ధతిలో 128 కేబీపీఎస్‌కి (సెకనుకి 128 కిలోబిట్లకి) కుదించాం. కుదించినప్పుడు అలల ఆకారం కొద్దిగా మారి, గీతకి ఆనుకున్నవి కూడా పైకి పోతాయి. ఇప్పుడు అలల అసలు ఎత్తుని లెక్కగట్టి ఆపే ట్రూ పీక్ లిమిటర్‌ని మాస్టర్ మీద, అంటే మొత్తం మిక్స్ మీద, -1.5 దగ్గర పెడుతున్నాం. ఎక్స్‌పోర్ట్ 48 కిలోహెర్ట్జ్, 320 కేబీపీఎస్. తయారైన ఫైల్లోనే గట్టిమేళం, ఊరేగింపు ఘట్టాలు ఇయర్‌ఫోన్స్‌లో పూర్తిగా విన్నాకే పంపుతున్నాం.

పాడైన ఫైల్‌ని ఏదైనా యాప్‌లో వేసి వాల్యూమ్ తగ్గించకండి. పగిలిన సౌండే చిన్నగా వినిపిస్తుంది, అంతే. ప్రాజెక్ట్ తెరిచి మళ్లీ మిక్స్ చేయాలి. అది మేం డబ్బు తీసుకోకుండా చేస్తాం. ఆడియో ఒక్కటే మార్చి పాత వీడియోకే జోడిస్తాం కాబట్టి బొమ్మ నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. ఒరిజినల్ ఫుటేజ్ మా దగ్గర ఆరు నెలలే ఉంటుంది. అంతకు ముందు పెళ్లిళ్లవాళ్లు మేమిచ్చిన హార్డ్ డిస్క్ పంపాలి. దయచేసి దాన్ని చెరిపేయకండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు కొత్త ఫైల్‌ని డ్రైవ్ లింక్‌గా ఇస్తాం.

ఇంకో ఫిర్యాదుకి కారణం వేరు. ఇయర్‌ఫోన్స్‌లో మంత్రాలు బాగానే ఉంటాయి, ఒకే స్పీకరున్న ఫోన్‌లో మాత్రం పంతులుగారి గొంతు దాదాపు మాయమవుతుంది. మిక్సర్ నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ని (ఒకే సౌండ్‌ని రెండు తీగల్లో, ఒకదాంట్లో తలకిందులుగా పంపేది) రికార్డర్ స్టీరియో సాకెట్‌కి పెడితే ఎడమ, కుడి చానళ్లలో ఒకే గొంతు తలకిందులుగా ఎక్కుతుంది. రెండూ ఒక స్పీకర్‌లో కలవగానే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక చానల్‌ని తిరగేస్తే సరిపోతుంది, అదే రోజు చేసిస్తాం.

బాగుచేయలేనివీ కొన్ని ఉన్నాయి. డోలు పక్కనే ఉన్న కెమెరా మైకులోనే సౌండ్ తెగిపోయి ఉంటే ఒరిజినల్‌లోనే అలలు చదునుగా ఉంటాయి. తెగిన అలల్ని అంచనాతో పూడ్చే డీక్లిప్ టూల్‌తో గరుకు కాస్త తగ్గుతుంది కానీ పోయిన సన్నాయి స్వరం తిరిగి రాదు. అలాంటి చోట మిక్సర్ ట్రాక్‌లో మేళం శుభ్రంగా ఉంటే దాన్నే వాడతాం. లేకపోతే ఆ నిమిషం మేళం తగ్గించి పాట పైకి తేవడమా, ఉన్నది ఉన్నట్టు ఉంచడమా అన్నది మిమ్మల్ని అడిగే చేస్తాం. ఇకపై షూటింగుల్లో, మొదటి ట్రాక్‌లో సౌండ్ తెగినా పనికొచ్చేలా, రికార్డర్ రెండో ట్రాక్‌ని 12 డెసిబెల్స్ తక్కువలో నడుపుతాం. ఫైల్ అడిగేటప్పుడు పెళ్లి తేదీ, గరగర వినిపించిన నిమిషం, సెకను రాసి పంపండి.