తిక్కన కాదు, ఎర్రన

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం రాత్రి ఒక తెలుగు చానల్ క్విజ్‌లో "తెలుగు మహాభారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని ఎవరు పూర్తి చేశారు?" అని అడిగారు. ఇంటర్ చదివే అమ్మాయి వెంటనే "ఎర్రన" అంది. యాంకర్ తప్పు అని, తిక్కన అని చెప్పి ముందుకెళ్లిపోయారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. చూస్తున్న నాకు ప్రాణం ఉసూరుమంది.

నన్నయ 11వ శతాబ్దంలో ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత రాశారు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి 15 పర్వాలు రాశారు. మధ్యలో మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో పూరించింది ఎర్రనే. అంత కవి అయి ఉండి కూడా ఆ భాగాన్ని నన్నయే రాసినట్టుగా, నన్నయ చేత భారతం రాయించిన రాజు రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశారు. నన్నయ శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆపితే, ఈయన శరదృతువు ఉదయాలతో అందుకున్నారు. అతుకు కనపడదు. అలాంటి మనిషి పేరు చెప్పిన పిల్లకు మార్కులు పోవడం అన్యాయం.

ప్రశ్నలు తయారుచేసేటప్పుడు ఒక తెలుగు లెక్చరర్‌కు చూపిస్తే చాలు. వచ్చే ఎపిసోడ్‌లో తప్పు సరిదిద్ది, ఆ అమ్మాయి మార్కులు ఆమెకు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక ప్రేక్షకురాలు, రాజమహేంద్రవరం