సింధుకి అమ్మ రాసిన ఉత్తరం

తెనాలి

చి. సింధుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఆ మళ్లీ ఎప్పటికీ రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, దీన్ని మధ్యలో కట్ చేయలేవు.

ఆవకాయ పెట్టడం అయింది. కాయ బాగానే దొరికింది కానీ కారం కిందటేడు కంటే ఘాటు. మీ నాన్న బీపీ మాత్ర వేసుకుంటూనే ఇంకో ముక్క వేయమంటున్నారు. మామ్మ రోజూ నిన్ను తలుచుకుంటోంది. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి? బయటికి బండి మీద వెళ్తున్నావా, ఆటోలోనా? ఊరికే అడిగాను.

కూకట్‌పల్లి పిన్ని ఫోన్ చేసింది. దాని మాటల్లో సగం తీసేసి వినాలని నాకూ తెలుసు. సరే, అది తర్వాత.

ఈమధ్య సీరియళ్లు మానేసి నీ బొమ్మల పనికి పనికొచ్చేవేవో ఫోన్లో వెతుకుతున్నాను. టాక్సుల పని చేసే మన శ్రీను ఉద్యం రిజిస్ట్రేషన్ గురించి చెప్పాడు, చిన్న వ్యాపారాలు గవర్నమెంటు దగ్గర పేరు నమోదు చేసుకోవడం అన్నమాట. 2020 జులైలో మొదలైందట. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసుకునేవాళ్లు కూడా చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. అయితే గూగుల్లో కొట్టగానే పైన కనిపించేవి కొన్ని గవర్నమెంటు సైట్లలాగే ఉండి ఫీజు అడుగుతాయి. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉంటేనే లోపలికి వెళ్లు.

దీంతో ఏం ఒరుగుతుందంటావేమో. చిన్న వ్యాపారాల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నీలాంటివాళ్ల చేత పని చేయించుకున్న కంపెనీ, ఒప్పందంలో గడువు రాసుకుంటే ఆ గడువు లోపల డబ్బివ్వాలి. ఆ గడువు కూడా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పటికీ ఇవ్వకపోతే దానికి గవర్నమెంటు పోర్టల్ ఉంది, ఇంట్లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు. అది రాష్ట్రంలో దీనికోసమే ఉన్న కౌన్సిల్‌కి వెళ్తుంది. రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన పని బిల్లులకి మాత్రం పేచీ పెడతారట. కాబట్టి కొత్త పని ఒప్పుకోకముందే చేసుకో. ఈ వారమే.

నాలుగు నెలలుగా ఎవరో నీకు డబ్బు ఎగ్గొడుతున్నారని పిన్ని అంది. అలాంటిదేమైనా ఉంటే అని చెప్తున్నాను, అంతే.

నీకు క్యాలెండర్ల గొడవ గుర్తుండదు, అప్పుడు నువ్వు చంకలో పిల్లవి. శివకాశి నుంచి బొమ్మల క్యాలెండర్లు తెప్పించి కింద షాపుల పేర్లు మన ప్రెస్సులో ట్రెడిల్ అచ్చు మిషను మీద కొట్టేవాళ్లం. ఒక బట్టల షాపాయన పెద్ద ఆర్డరే ఇచ్చాడు. శివకాశి వాళ్లకి మనం ముందే కట్టేశాం. సరుకు వెళ్లింది, జనవరి వెళ్లింది. సంక్రాంతి అయ్యాక రమ్మన్నాడు, తర్వాత శివరాత్రి అన్నాడు, ఉగాది అన్నాడు. మీ నాన్న సంగతి తెలుసుగా, మనకి రావాల్సిన డబ్బు అడగడానికి ఆయనే సిగ్గుపడతారు. నేను నిన్ను మామ్మకిచ్చి, బాకీల పుస్తకం సంచిలో పెట్టుకుని షాపుకెళ్లాను. పెళ్లిళ్ల సీజను, పరుపుల మీద చోటు లేదు. వెళ్లి కూర్చుని చీరలు చూపించమన్నాను. ధర్మవరం, ఉప్పాడ, వెంకటగిరి, అడిగినవన్నీ కుప్ప పోయించాను. ఆ కుర్రాడు పాపం చెమటలు కక్కుతూ మడతలు విప్పాడు. చివరికి మన బాకీకి సరిపోయేలా చీరలు ఏరి పక్కన పెట్టి, "బిల్లు వేయక్కర్లేదు, క్యాలెండర్ల డబ్బులో కోసుకోండి" అన్నాను, పక్కవాళ్లకి వినపడేలాగే. షాపాయన నాకసలు క్యాలెండర్లే అందలేదన్నాడు! అప్పుడు తీశాను డెలివరీ చలానా, వాళ్ల గుమాస్తా సంతకంతో. దాని వెనకే ప్రూఫు కాపీ, దాని మీద షాపాయన సంతకమే. చీరలు వెనక్కి తీసుకుని గల్లాపెట్టె తెరిచాడు. అందులో ఒక వెంకటగిరి చీర మీద నాకు ఇప్పటికీ మనసే అనుకో.

నీ పనిలో సంతకాలు ఉంటున్నాయా? వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెట్టారని పని మొదలుపెట్టేయకు. ఎంత, ఎప్పటిలోగా, ఎన్నిసార్లు మార్పులు చేస్తావు, అన్నీ ఈమెయిల్లో రాయించుకో. సగం అడ్వాన్సు తీసుకో. బొమ్మల మీద హక్కు సంగతి కూడా రాసుకోవాలట. హక్కు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకో రాయకపోతే కాపీరైటు చట్టం దాన్ని ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. కానీ డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదేనట. టీడీఎస్ అని నీ డబ్బులోంచి ముందే టాక్సు పట్టుకున్నామని చెప్పినవాళ్లు నిజంగా కట్టారో లేదో ఇన్‌కమ్ టాక్స్ సైట్లో చూసుకో. అయ్యో, లెక్చర్ అయిపోతోంది.

మీ నాన్న రాయమన్నది వేరే. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు ఊరికే దొరుకుతున్నాయి, డబ్బు తీసుకునే పనికీ వాడుకోవచ్చు అని. నీకు తెలిసే ఉంటుంది. ఆయన మాత్రం ఒక్కో ఒత్తూ ఫోన్లో పెద్దది చేసి చూసి, ఇది పర్వాలేదు, ఇది కాస్త కిందికి జారింది అని పాత కంపోజిటర్ బుద్ధి చూపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఆడవాళ్ల వ్యాపారాల కోసం 2018లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన వీ హబ్ ఉందిగా, ఒకసారి వాళ్ల సైట్ చూడు. పని ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టమనేవాళ్ల జోలికి మాత్రం పోకు. కట్టేసి ఉంటే దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఇంక అడిగేస్తున్నాను. స్కూటీ అమ్మేశావా? అమ్మితే అమ్మావులే, బండే కదా. కానీ పిన్ని చెప్తే మాకు తెలియాలా? నీ అకౌంట్లో కొంత వేయించాను. తిరిగి పంపితే మీ నాన్నతో నువ్వే మాట్లాడుకో. రాత్రిళ్లు మ్యాగీ మీద బతక్కు. ఆవకాయ బస్సు కార్గోలో పంపుతున్నాను, సీసా నిలువుగా ఉంచు, నూనె కారుతుంది.

ఆ నాలుగు నెలల బిల్లులూ, వాళ్లతో నడిచిన మెయిళ్లూ తేదీలవారీగా పెట్టి నాకు వాట్సాప్ చెయ్యి. శ్రీను ఆదివారం మనింటికే భోజనానికి వస్తున్నాడు, కూర్చోబెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మీ అమ్మ