పత్తాలు కావమ్మా, కాగితాలు

కాల్గరీ

అమ్మా,

అక్క నీకు ఏం చెప్పిందో గని, నేను పత్తాలు ఆడుతలేను. నెలకోసారి శనివారం పోయి, చేతితోని చేసిన చిన్న బొమ్మ కార్డులు (ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు అంటరు) మార్చుకొనొస్త అంటే ఆమె సగం విని, మిగిలింది తానే కలిపి చెప్పింది. చిన్నబాపు సంగతి మనింట్ల ఎవరు మరిచిండ్రు గనుక? అందుకే నువ్వు ఫోన్ల అంతగనం ఏడ్చినవ్. మళ్ల ఫోన్ చేస్తే నడుమల ఆపుతవ్ కాబట్టి రాస్తున్న. కవరుల నేను చేసిన కార్డులు మూడు పెట్టిన, దగ్గర పెట్టుకొని చదువు.

బాపు షుగరు గోలీలు టైముకు వేసుకుంటున్నడా? నా పని మంచిగనే ఉంది. కిరాయి జర పెంచిండ్రు, ఎల్లదీస్తున్న.

ఇవి పత్తాలంతనే ఉంటయి, అది నిజమే. వెడల్పు 2.5 అంగుళాలు, పొడుగు 3.5. ఆ కొలత తప్పితే మార్చుకోరు. 1997ల స్విట్జర్లాండ్ జ్యూరిక్‌ల స్టిర్నెమాన్ అనే కళాకారుడు తన చేతితోని చేసిన కార్డులు ప్రదర్శనకు పెట్టి, కావాలంటే మీరొకటి చేసి తెచ్చి మార్చుకోండ్రి అన్నడట. అదే ఏడు ఈ ఊర్ల కూడ మొదలైంది. కొనుడు లేదు, అమ్ముడు లేదు. నాదొకటిస్తే ఎదుటోళ్లది ఒకటి తీసుకుంట. వెనక పేరు, ఊరు, తారీఖు రాయాలె, అంతే. నువ్వేమో పైసలు రాని పనికి కండ్లు పాడుచేసుకుంటున్నవ్ అంటవ్. పైసలొచ్చే పనికి పొద్దంత కంప్యూటర్ చూస్తే పాడుగాని కండ్లు, రాత్రి గంటసేపు కాగితం చూస్తే పాడైతయా?

ఎర్రది జంపఖాన. గుర్తువట్టినవా? తాత మగ్గం మీద ఎట్లనో అట్లనే చేసిన. మందం కాగితాన్ని అంచులు వదిలిపెట్టి నిలువుగ సన్నగ కోస్తే అది పడుగు. రంగు కాగితాన్ని రెండు మిల్లీమీటర్ల పట్టీలు కోసి, కింద ఒకటి మీద ఒకటి దూర్చుకుంట పోతే పేక. ప్రతి వరసకు సూది మొనతోని పైకి జరపాలె, లేకుంటే నడుమల సందులు పడ్తయి. కొసలకు బంక ఎక్కువైతే కాగితం ఉబ్బుతది, తక్కువైతే హీటరు వేడికి మూలలు లేస్తయి. ఇక్కడి గాలి మరీ పొడి. చేసినంక బరువు కింద పెట్టి పండుకుంట.

ఒక ముసలామె దీని జోడీ తీసుకుంది. ఇది మీ ఊర్ల నిజంగ నేస్తరా అని అడిగింది. వరంగల్ కొత్తవాడల నేస్తరు, ఇది ఆ ఊరి సరుకే అని సర్కారిచ్చే జీఐ గుర్తింపు కూడ 2018ల వచ్చింది అని చెప్పిన. తాత మగ్గం అప్పటికే విప్పి అటుక మీద పడేసినమని చెప్పలేదు. అన్నీ చెప్పాల్నా ఏంది. ఆమె పాత రైలు టికెట్లు అతికించి చేసిన కార్డు ఇచ్చింది. ఒక్క అక్షరం అర్థం కాలే గని కాజీపేట టేషన్ల నిలబడ్డట్టే అనిపించింది. దాన్ని ఇంకెవరికీ ఇయ్య.

జనగామ సంబంధం ఫొటో చూసిన. దసరా అయినంక మాట్లాడుత. కాగితాలు కోసుకుంట కూసునేటోనికి పిల్లనెవరిస్తరు అన్నవట. ఆ పిల్లకు ముందే చెప్పుండ్రి, దాచిపెట్టొద్దు. నవ్వితే నవ్వనీ. ఒంటరిగ ఉంటున్నడని నువ్వు ఏడ్వకు. మొన్న మార్చుకునే కాడ అందరికి సర్వపిండి చేసుకపోయిన, గిన్నె ఖాళీగనే తెచ్చుకున్న.

మడత కార్డు చిట్టికి. మెల్లగ తెరువమను, బతుకమ్మ లేస్తది. గుంజితే చినుగుతది. కాగితం పట్టీ ఒక అంచుకు జాలరు లెక్క కోసి గుండ్రంగ చుట్టిన, అవి బంతిపూలు. గునుగుకు తెల్ల కాగితమే, కొసలకు రంగు అద్దిన. తంగేడుకు సరైన పసుపు దొరకక శానా తిరిగిన. సద్దుల బతుకమ్మ నాటికి అందుతదో లేదో, పోస్టోళ్ల దయ.

ఇంకో పని ఉంది. ఇనుపపెట్టెల బాపు దాచిన పెండ్లి పత్రికలు నాకు పంపు. ఆ ఎరుపు, ఆ బంగారు రంగు ఇక్కడ ఏ దుకాణంల దొరకదు. నువ్వేమంటవో నాకెరుకే. గణపతి బొమ్మ ఉన్నంత మేర నువ్వే కోసి దేవుని కాడ పెట్టుకో, మిగిలిందే పంపు. పసుపు అంటిన మూలలు పారెయ్యకు, అవే నాకు కావాలె. అక్క పెండ్లిది మాత్రం ముట్టకు.

మూడోది బాపుకు. అంచు సగంల ఆపిన. తాత మంచం మీది జంపఖానకు ఎరుపు పక్కన నలుపు గీత వస్తదా, తెలుపా? నాకు తెలుపే యాది, అక్క నలుపు అంటది. బాపును అడుగు. ఆ జంపఖాన ఇంక ఉంటే ఎండల పరిచి అంచు దగ్గర నుంచి ఒక ఫొటో తీయమను, వేలు అడ్డం పెట్టకుండ.

నీ కొడుకు